సాప్‌విత్ విమాన నిర్మాణ సంస్థ

సాప్‌విత్ ఏవియేషన్ కంపెనీ బ్రిటన్‌లో తొలితరం విమానాలు తయారుచేసిన సంస్థ. 1912లో మొదలై 1920లో మూతపడింది. ఆయుష్షు ఎనిమిదేళ్లే అయినా ఆ కార్ఖానా వారసత్వం భారత నౌకాదళం దాకా విస్తరించింది.

స్థాపకుడు థామస్ సాప్‌విత్ (1888–1989). 1910 డిసెంబరులో ఇంగ్లండు నుంచి బెల్జియందాకా ఆగకుండా 169 మైళ్లు ఎగిరి 4,000 పౌన్ల బహుమతి గెలిచాడు. ఆ డబ్బుతో బ్రూక్‌లాండ్స్‌లో విమానం నడపడం నేర్పే బడి పెట్టాడు. తరవాత బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు పితామహుడనిపించుకున్న ట్రెంచర్డ్ అక్కడే నేర్చుకున్నాడు. సాప్‌విత్‌కు కుడిభుజంగా నిలిచినవారు ఇద్దరు: మెకానిక్ ఫ్రెడ్ సిగ్రిస్ట్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కమ్మరివాని కొడుకు హ్యారీ హాకర్. థేమ్స్ ఒడ్డున కింగ్‌స్టన్‌లో వాడుకలో లేని స్కేటింగ్ రింకు వీరి కార్ఖానా అయింది.

1914 ఏప్రిల్‌లో మొనాకోలో జరిగిన ష్నైడర్ ట్రోఫీ పోటీని వీరి 'టాబ్లాయిడ్' గెలిచింది. అదే ఏడు మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 'పప్', మూడు రెక్కల 'ట్రైప్లేన్', 'క్యామెల్' ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1917 ఆగస్టు 2న డన్నింగ్ అనే అధికారి కదులుతున్న 'ఫ్యూరియస్' నౌకపై పప్‌ను దించాడు. సాగుతున్న ఓడపై విమానం దిగడం ప్రపంచంలో అదే మొదలు. అయిదు రోజుల తరవాత మళ్లీ ప్రయత్నిస్తూ ఆయన మరణించాడు.

క్యామెల్ అంటే ఒంటె. రెండు మరతుపాకుల మీది కప్పు మూపురంలా ఉండడంవల్ల ఆ పేరు వచ్చింది. ఇంజను, పైలట్, తుపాకులు, ఇంధనం అన్నీ ముందుభాగంలోనే ఉండేవి. పైగా ఇంజనే గిర్రున తిరిగేది. అందువల్ల విమానం కుడివైపు చటుక్కున మళ్లేది. చేయి తిరిగినవాడికి అది వరమైతే, కొత్తవాడికి ప్రాణగండం. శిక్షణలోనే ఎందరో యువకులు చనిపోయారు. సుమారు 5,490 క్యామెళ్లు తయారయ్యాయి. కూల్చిన శత్రు విమానాల లెక్కలో దీనికి 1,294 జమ కట్టారు. రావల్పిండిలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన హర్‌దిత్ సింగ్ మాలిక్ తలపాగా మీద ప్రత్యేకంగా చేయించుకున్న పెద్ద హెల్మెట్‌తో క్యామెల్ నడిపాడు. 1917 అక్టోబరులో కాలికి తూటాలు తగిలినా విమానాన్ని దించి బతికాడు. స్వతంత్ర భారతానికి కెనడాలో తొలి హైకమిషనర్ అయ్యాడు. ఆ ధైర్యశాలి కథ మన పాఠ్యపుస్తకాల్లో ఉండదగినది.

యుద్ధం ముగియగానే ఆర్డర్లు ఆగిపోయాయి. యుద్ధలాభాలపై పన్ను బాకీ పెరిగింది. 1920లో సాప్‌విత్ సంస్థను మూసి, హాకర్ పేరుతో కొత్త కంపెనీ తెరిచాడు. మరుసటి ఏడే హాకర్ విమాన ప్రమాదంలో చనిపోయినా పేరు మార్చలేదు. 1923లో చేరిన సిడ్నీ క్యామ్ అక్కడ 'హరికేన్'ను రూపొందించాడు. అది 1935లో తొలిసారి ఎగిరింది, ఆ సంవత్సరమే హాకర్ సిడ్లీ సంస్థ ఏర్పడింది. 1977లో దానిని బ్రిటిష్ ఏరోస్పేస్‌లో కలిపేశారు.

భారత వైమానిక దళం బర్మా యుద్ధంలో హరికేన్లను వాడింది. 1971 డిసెంబరులో తూర్పు నౌకాదళానికి చెందిన విమానవాహక నౌక విక్రాంత్ నుంచి లేచి చిట్టగాంగ్, కాక్స్ బజార్‌లపై దాడిచేసిన 'సీ హాక్'లు కూడా హాకర్ రూపకల్పనే. నిలువుగా దిగగల 'సీ హారియర్'లు తరవాత వచ్చాయి. గోవాలో 2016 మే 11న వాటికి వీడ్కోలు పలికారు.