బార్బెల్ ప్రెస్ : చరిత్రయు, బలసాధన పద్ధతియు

బార్బెల్ ప్రెస్ : ఇరుకొనలను ఇనుపప్లేట్లు తొడిగిన కడ్డీని భుజములపై నిలిపికొని, మోకాళ్ళు వంపక, నడుమును వెనుకకు వాల్పక, కాళ్ళ తోడ్పాటు లేకయే బాహుబలముచే తలపైకెత్తి, మోచేతులు పూర్తిగా చాచి నిశ్చలముగా నిలుచు వ్యాయామమునకు ప్రెస్ అని పేరు. దీనినే ఓవర్‌హెడ్ ప్రెస్ అనియు, మడమలు జోడించి నిటారుగా నిలిచి చేసినపుడు మిలిటరీ ప్రెస్ అనియు వ్యవహరింతురు. 1928 మొదలు 1972 వఱకు ఒలింపిక్ వెయిట్ లిఫ్టింగ్ పోటీలలోని మూడంశములలో ఇది మొదటిది. అటుపిమ్మట పోటీవేదికనుండి తొలగింపబడియు, బలసాధనమున తన స్థానమును కోల్పోక నేటికిని వ్యాయామశాలలలో నిలిచియున్నది.

అంగవ్యాపారము

భుజశిరస్సును కప్పియుండు డెల్టాయిడ్ కండరము, అందును ముఖ్యముగా దాని ముందుభాగము, బాహువును పైకి లేపును. బాహువు వెనుకనుండు ట్రైసెప్స్ మోచేతిని చాచును. మెడనుండి వీపు నడిమివఱకు వ్యాపించియున్న ట్రపీజియస్ కండరమును, ప్రక్కటెముకల నంటియుండు సెరాటస్ కండరమును గూడి, ఱెక్కయెముకను పైకి త్రిప్పి, భుజసంధికి చోటు కల్పించును. ఇవి బరువును కదల్చునవి కాగా, కడుపు, నడుము, పిరుదులు, తొడలు బిగిసి నిలిచి, భూమికిని భారమునకును నడుమ దేహమును స్తంభమట్లు నిలుపును. ఈ సమస్తాంగ సమన్వయమువలననే, బల్లపై పరుండి చేయు బెంచ్ ప్రెస్‌కంటె దీనిలో ఎత్తదగిన బరువు తక్కువయైనను, దేహమున కంతటికిని కలుగు శిక్షణ హెచ్చు.

కడ్డీ పాదమధ్యమునకు సరిగా పైనుండి నిలువుగీత వెంబడి పైకేగవలయును. ఆ త్రోవలో గడ్డము అడ్డముండుటచే అభ్యాసి తలను మొదట కొంచెము వెనుకకు తీసి, కడ్డీ నుదురు దాటినతోడనే మరల ముందునకు తెచ్చికొనవలయును. ప్రయత్నములు సాధారణముగా విఫలమగునది కన్నులకును నడినెత్తికిని నడుమనున్న యెత్తులోనే. ఏలన డెల్టాయిడ్ పని తగ్గి ట్రైసెప్స్ పని హెచ్చు ఆ సంధిస్థలమున రెండింటికిని పట్టు తక్కువగా నుండును.

పూర్వచరిత్ర

1896 సంవత్సరమున ఏథెన్సులో జరిగిన ప్రథమ ఆధునిక ఒలింపిక్ క్రీడలలో రెండుచేతుల అంశమున డెన్మార్కువాడగు విగ్గో జెన్సెన్, బ్రిటనువాడగు లాన్సెస్టన్ ఎలియట్ ఉభయులును 111.5 కిలోగ్రాముల నెత్తిరి. బరువు సమమైనందున, జెన్సెన్ ఎత్తిన తీరు మేలైనదని నిర్ణయించి విజయము నాతని కొసగిరి. ఒంటిచేతి అంశమున 71 కిలోగ్రాములెత్తి ఎలియట్ విజేత యయ్యెను. ఎత్తిన బరువు ఎంత ముఖ్యమో, ఎత్తిన తీరును అంత ముఖ్యమన్న ధర్మము ఈ క్రీడకు పుట్టుకతోనే లభించినదన్నమాట.

నాటి బార్బెళ్ళు పెక్కు కొనలయందు గోళములుగల నిర్ణీతభారములు. 1902లో ఫిలడెల్ఫియాయందు ఆలన్ కాల్వర్ట్ స్థాపించిన మైలో బార్బెల్ కంపెనీ, బరువును స్వల్పస్వల్పముగా పెంచుకొనదగిన సాధనములను సామాన్యజనులకు అందుబాటులోనికి తెచ్చెను. బలసాధన చరిత్రలో ఇది సామాన్యవిషయము కాదు. క్రమవృద్ధి యనునది తత్త్వముగా ప్రాచీనమైనను, దానిని ఇంటింట ఆచరింపదగిన సాధనము అప్పుడే లభించెను.

1924 పారిస్ ఒలింపిక్సున పోటీ అయిదంశములతో జరిగెను: ఒంటిచేతి స్నాచ్, ఒంటిచేతి క్లీన్ అండ్ జెర్క్, రెండుచేతుల ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఒంటిచేతి అంశములు తొలగి, తక్కిన మూడును నిలిచెను. ఈ త్రయమునందొక సౌష్ఠవము కలదు: కడ్డీని నేలనుండి ఒక్క ఊపున తలపైకెత్తు స్నాచ్ వేగమునకును నేర్పునకును, భుజములకు తెచ్చి కాళ్ళ ఊపుతో పైకెత్తు జెర్క్ కాళ్ళయొక్కయు సర్వాంగములయొక్కయు ఉద్ధతికిని పరీక్షలు కాగా, ప్రెస్ కేవలబలమునకు పరీక్ష.

ప్రెస్ నియమమును స్పష్టమే. పోటీదారు కడ్డీని నేలనుండి భుజములకు తెచ్చి కదలక నిలువవలయును. నిర్ణేత చప్పట్లతో సంజ్ఞచేసిన పిమ్మట, మోకాలు మడవక, మడమ లేపక, దేహమును మితిమీరి వాల్పక బరువును తలపైకెత్తి నిలుపవలయును.

వైభవకాలము

అత్యధిక దేహభారపు తరగతిలో ఒలింపిక్ విజేతలు చేసిన ప్రెస్‌లను వరుసగా చూచినచో ఈ అంశముయొక్క చరిత్రయంతయు కానవచ్చును. 1928లో జర్మనీకి చెందిన స్ట్రాస్‌బెర్గర్ 122.5 కిలోగ్రాములు; 1936లో ఆ దేశీయుడే యగు జోసెఫ్ మాంగర్ 132.5, 1948లో అమెరికనుడగు జాన్ డేవిస్ 137.5, మరల 1952లో 150. 1956లో అమెరికనుడే యగు పాల్ ఆండర్సన్ 167.5, 1960లో సోవియట్ వీరుడు యూరీ వ్లాసోవ్ 180, 1964లో లియొనీద్ జబోతిన్‌స్కీ 187.5, 1968లో 200. 1972లో వసీలీ అలెక్సెయెవ్ 235. నలువదినాలుగేండ్లలో బరువు సుమారు రెట్టింపైనది.

ఈ పరంపరలో ఆండర్సన్ ఘట్టము ప్రత్యేకస్మరణీయము. 1955లో మాస్కోయందు ఆరుబయట, వర్షములో, సోవియట్ ప్రేక్షకులయెదుట ఆతడు 402.5 పౌండ్లు, అనగా 182.5 కిలోగ్రాముల పైచిలుకు, ప్రెస్ చేసి ప్రచ్ఛన్నయుద్ధకాలమునందును ప్రత్యర్థి దేశీయుల హృదయపూర్వక ప్రశంసకు పాత్రుడయ్యెను. మరుసటి యేట మెల్బోర్నున, ప్రెస్‌లో 175 కిలోగ్రాములెత్తిన అర్జెంటీనా వీరుడు సెల్వెట్టితో మొత్తమున 500 కిలోగ్రాములకు సమానుడై, తన దేహభారము తక్కువగుటచే స్వర్ణము నందెను. 1964 టోక్యోలో వ్లాసోవ్ 197.5 కిలోగ్రాముల ప్రెస్‌తో పది కిలోగ్రాముల ఆధిక్యము సంపాదించియు, తుదకు మొత్తమున 2.5 కిలోగ్రాముల తేడాతో జబోతిన్‌స్కీచే ఓడింపబడెను.

తెలుగుదేశమునకును ఈ యుగముతో సంబంధము కలదు. ఆంధ్రభీమ బిరుదాంకితుడై, పిదప నర్తనశాల చలనచిత్రమున భీమపాత్ర ధరించిన దండమూడి రాజగోపాలరావు, ప్రెస్ మొదటి అంశముగా నుండిన ఆ కాలమునందే, 1951 న్యూఢిల్లీ ఆసియా క్రీడలలో కాంస్యపతకము నార్జించెను. విజయవాడయందలి ఇండోర్ స్టేడియము ఆయన పేరనే వెలసియున్నది.

శైలీపతనము, తొలగింపు

బరువు పెరిగినకొలదిని శైలి మారజొచ్చెను. పోటీదారులు సంజ్ఞ కాగానే కటిభాగమును ముందునకు త్రోసి, మొండెమును వెనుకకు వంచి, కడ్డీకి ఒక్క కుదుపుతో వేగము కల్పించి, పిదప రొమ్ముకండరముల సాయముతో దానిని ముగించుట నేర్చిరి. వెనుకకు వాలినకొలదిని ప్రెస్ బెంచ్ ప్రెస్‌కు సమీపించును. ఏటవాలుగా నున్న రొమ్ము భుజముకంటె బలవత్తరమగుటచే హెచ్చుబరువు సాధ్యమగును. ఇది ఒక్కరి యపరాధము కాదు. "మితిమీరి వాలుట" యనగా ఎంతయో నిర్ణయించు కొలత లేదు. క్షణార్ధములో ముగియు కుదుపును కంటితో పట్టుట దుష్కరము. ఒకచోట చెల్లినది వేరొకచోట చెల్లకుండెను. చెల్లినచోట చేయనివాడు నష్టపోయెను.

దీని పర్యవసానమును ఒక్క విషయమే చాటును. 1928లో స్ట్రాస్‌బెర్గర్ ప్రెస్ 122.5 కాగా, కాళ్ళ బలమును వినియోగించు జెర్క్ 142.5, అది సహజము. 1972 మ్యూనిక్‌లో అలెక్సెయెవ్ ప్రెస్ 235, జెర్క్ 230. విజయము అప్పటికే చేజిక్కియుండుటచే ఆతడు జెర్క్‌లో సర్వశక్తిని వెచ్చింపలేదని తలచినను, కేవలబాహుబలపరీక్ష కాళ్ళతో కూడిన పరీక్షకు సమమైనదన్నచో, అది కేవలబాహుబలపరీక్షగా మిగులలేదనుట స్పష్టము. ఆ యేడే ఏప్రిల్ మాసమున టాలిన్ నగరమందు ఆతడు నెలకొల్పిన 236.5 కిలోగ్రాముల ప్రెస్ రికార్డు శాశ్వతముగా చివరిదయ్యెను. నిర్ణయములందలి వైషమ్యమును, వెన్నెముకకు హాని కలుగునను భయమును కారణములుగా చూపి, మ్యూనిక్ క్రీడలకాలమున అంతర్జాతీయ వెయిట్ లిఫ్టింగ్ సమాఖ్య ప్రెస్‌ను తొలగించెను. 1973 హవానా ప్రపంచపోటీలు రెండంశములతోనే జరిగెను. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సున కరణం మల్లీశ్వరి 110 కిలోగ్రాముల స్నాచ్‌తోను, 130 కిలోగ్రాముల జెర్క్‌తోను 240 మొత్తమున కాంస్యము సాధించినది ఈ ద్వ్యంశ విధానమునందే.

1972లోనే అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య ఏర్పడి స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్‌లను పోటీయంశములుగా గైకొనుటతో, "ఎంత ప్రెస్ చేయుదువు?" అను పూర్వప్రశ్నకు బదులు "ఎంత బెంచ్ చేయుదువు?" అను ప్రశ్న వ్యాయామశాలలలో వాడుకలోనికి వచ్చెను.

బలసాధన పద్ధతి

పోటీలు పోయినను సాధనమార్గము నశింపలేదు. దీనికి శాస్త్రీయమగు పునాది నిచ్చినవారిలో థామస్ డిలోర్మ్ అగ్రగణ్యుడు. ఈ అమెరికన్ వైద్యుడు రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికుల చికిత్సలో, పది పర్యాయములెత్తగల గరిష్ఠభారమును నిర్ణయించి, దానిలో సగముతో ఒక సెట్, ముప్పాతికతో ఒక సెట్, పూర్తి భారముతో ఒక సెట్ చేయించి, బలము హెచ్చిన కొలదిని భారమును పెంచెను. కెనడా వీరుడగు డగ్ హెప్‌బర్న్ వంకరపాదముతో జన్మించియు, 1953 స్టాక్‌హోమ్ ప్రపంచపోటీలలో విజేతయై, ప్రెస్ వీరులలో చిరకీర్తి నందెను. ఆతని విధానము ఓర్పునకు నిదర్శనము: ఒకే బరువుతో పెక్కు సెట్లు తక్కువ పర్యాయములు చేయుచు, దినమున కొక్క సెట్‌లో ఒక్క పర్యాయము మాత్రమే పెంచి, సెట్లన్నియు పెరిగిన పిమ్మటనే బరువును కొంచెము పెంచుట.

ఇటీవలి కాలమున మార్క్ రిప్పెటో తన స్టార్టింగ్ స్ట్రెంగ్త్ గ్రంథము ద్వారా నవాభ్యాసులకు అయిదేసి పర్యాయములు గల మూడు సెట్లతో ప్రెస్‌ను మరల ప్రధానవ్యాయామముగా నిలిపెను. జిమ్ వెండ్లర్ 2009లో ప్రకటించిన విధానమున, నిజమగు గరిష్ఠములో పదింట తొమ్మిదివంతులు మాత్రమే లెక్కకు గైకొని, దానిలో మొదటివారము 65, 75, 85 శాతములు, రెండవవారము 70, 80, 90, మూడవవారము 75, 85, 95 శాతములెత్తి, నాలుగవవారము తేలికపాటి సాధనతో విశ్రమించి, మరుచక్రమునకు అయిదు పౌండ్లు మాత్రమే పెంచవలయును.

ఇన్ని పద్ధతులును ఏకకంఠముగా చెప్పునది స్వల్పవృద్ధి. ప్రెస్‌లో పనిచేయు కండరములు చిన్నవి. నూరు కిలోగ్రాముల స్క్వాట్‌కు 2.5 కిలోగ్రాములు చేర్చిన పెంపు నూటికి రెండున్నర. నలువది కిలోగ్రాముల ప్రెస్‌కు అదే చేర్చినచో నూటికి ఆరుకు పైబడును. కావున అరకిలో, ఒక కిలో చొప్పున పెంచదగిన చిన్నప్లేట్లు ఈ సాధనకు అత్యావశ్యకములు. వారమునకు రెండుమారులైనను అభ్యసించుట, కడ్డీని ముంజేయి యెముకలకు సరిగా పైన అరచేతిలో నిలుపుట, ఎత్తుటకు ముందు ఊపిరి నిండుగ పీల్చి కడుపు బిగించుట, పిరుదులు బిగించి నడుము వంగకుండ కాచుకొనుట, వెనుకకు వాలవలసివచ్చినంతనే బరువు తగ్గించుట ముఖ్యనియమములు. రక్తపుపోటుగలవారును, భుజసంధి బాధగలవారును వైద్యుని సలహా లేక దీనికి పూనుకొనరాదు.

ప్రెస్ చరిత్ర బోధించు సత్యమొక్కటి: శైలి చెడినచో అంకె పెరుగును గాని బలము పెరిగెనని చెప్పుటకు ఆధారముండదు. పోటీవేదికపై నిర్ణేతలు కాపాడలేకపోయిన ఆ నియమమును వ్యాయామశాలలో కాపాడుకొను బాధ్యత అభ్యాసిదే. నిటారుగా నిలిచి ఎత్తిన నలువది కిలోగ్రాములు, వెనుకకు వాలి ఎత్తిన అరువదికంటె విలువైనవి.