మహామారి కాలమున తిరుమల దర్శనము



మా వడమాలపేట తిరుపతికి రెండామడల లోపున పుత్తూరు బాటమీద నున్నది. పెరటాసి నెల వచ్చినదనగా అరవదేశమునుండి పసుపు గుడ్డలు కట్టి, గోవిందనామములు పలుకుచు, నగరి పుత్తూరుల మీదుగా నడచివచ్చు జనము మా యూరి బాటనే సాగిపోవును. వారికి నీళ్లు, మజ్జిగ యిచ్చుట మా పెద్దల నాటినుండి వచ్చుచున్న వాడుక. అట్టి బాట 2020 సంవత్సరము మార్చి కడపటి వారమున నిర్మానుష్యమయ్యెను. చుట్టుప్రక్కల పల్లెవారు పొలిమేరల యందు ముండ్లకంప లడ్డము వేసిరి. నేను బడిపంతులనై ముప్పది యేండ్లకు పైగా తెనుగు చెప్పినవాడను. పురాణములందలి ప్రళయవర్ణనలు పిల్లలకు ఎన్నిమారులు వివరించితినో లెక్కలేదు. కాని కొండమీద దర్శనము లేదన్న మాట విన్ననాడు కలిగిన దిగులును ఆ వర్ణన లేవియు నాకు ముందుగా నేర్పి యుండలేదు.

మొదట ఒక పొరపాటు దిద్దవలసి యున్నది. ఆ కాలమున "కొండగుడి మూసిరి" అని జనులు చెప్పుకొనిరి. గుడి మూయలేదు. 2020 మార్చి 20వ తేదీనుండి భక్తుల దర్శనమును నిలిపిరి. కొండకు పోవు దారులు మూసిరి. సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వఱకు జరుగవలసిన నిత్యకైంకర్యము లన్నియు అర్చకుల చేతులమీదుగా యథావిధిగా జరిగినవి. దీనినే ఏకాంతమనిరి. దేవునికి లోపము లేదు, లోపమంతయు మనకే. మే నెల చివరన దేవస్థానమువారు లడ్డూప్రసాదమును ఏబది రూపాయలదానిని ఇరువదియైదు రూపాయలకే కొండ దించి జిల్లాల కల్యాణమండపములలో అమ్మించిరి. స్వామిని చూడక ప్రసాదము మాత్రము కొనితెచ్చుకొనుట అంతకుముందు మేమెఱుగని సంగతి.

తీర్థయాత్రకును అంటువ్యాధికిని గల సంబంధము క్రొత్తగా కనుగొన్నది కాదు. 1865లో మక్కాయాత్రికులలో కలరా ప్రబలి అనేకదేశములకు ప్రాకగా, మరుసటి యేడు కాన్‌స్టాంటినోపిలు నగరమున పలుదేశముల వైద్యులు, దొరలు సభచేసి యాత్రలను గూర్చియే ముఖ్యముగా చర్చించిరి. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినప్పుడు, మరుసటి సంవత్సరము ఆంగ్లప్రభుత్వము హజ్జుయాత్ర నాపినది. ఆ 1897లోనే అంటువ్యాధుల చట్టము పుట్టినది. నూటయిరువది మూడేండ్ల తరువాత మన రాష్ట్రప్రభుత్వములు కరోనాను ఎదుర్కొనుటకు చేతబట్టినది ఆ ముసలి చట్టమునే. ప్లేగునాళ్లలో మద్రాసు రాజధానియందు, తెగులు తగిలిన యూళ్లనుండి వచ్చు ప్రయాణికులకు ప్లేగు పాస్‌పోర్టులని చీట్లిచ్చి, చేరినయూర దినదినము అధికారికి అగపడవలెనని నియమము పెట్టిరి. 1939లో మద్రాసు రాజధానికి వచ్చిన ప్రజారోగ్యచట్టమున జాతరలకు, ఉత్సవములకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే యున్నది. ఉత్సవములకు పోవు దారిలో ఆరోగ్యశాఖవారు కలరాసూది పట్టుకొని నిలుచుండుటయు, మా నాయనమ్మ కొంగు చాటున నన్ను దాచుకొనుటయు నాకు బాగుగా జ్ఞాపకము. దాచినను సూది తప్పలేదనుకొనుడు.

ఇక దర్శనము తిరిగి ప్రారంభమైన తీరు. కేంద్రప్రభుత్వమువారు జూన్ 8వ తేదీనుండి ప్రార్థనాస్థలములను తెఱువవచ్చునని యుత్తరువిచ్చిరి. దేవస్థానమువారు తొందరపడి తలుపులు బార్లా తీయలేదు. మొదటి రెండు దినములు తమ యుద్యోగులనే వరుసలలో నిలిపి, దూరములు కొలిచి, ఎంతసేపటికి ఎందఱు పోగలరో పరీక్షించిరి. 10వ తేదీని కొండమీది కాపురస్థులను, 11వ తేదీనుండి సామాన్యజనమును అనుమతించిరి. దినమునకు ఆఱువేలమంది, గంటకు 500 మందికి మించరాదు. అందు మూడువేలు 300 రూపాయల టిక్కెట్లు, ఆన్‌లైనులో ముందుగా కొనవలసినవి. తక్కిన మూడువేలు తిరుపతిలో ఉచితముగా నిచ్చు టోకెన్లు. పదేండ్లలోపు పిల్లలును, అఱువదియైదేండ్లు దాటిన వృద్ధులును రాకూడదు. మనిషికి మనిషికి ఆఱడుగుల యెడము. తీర్థము లేదు, శఠారి లేదు, పుష్కరిణిలో స్నానము లేదు. కల్యాణకట్టలో క్షురకులు నఖశిఖపర్యంతము కప్పు దుస్తులు తొడిగి తలనీలాలు తీసిరి.

అంతకు ముందు సామాన్యదినములలోనే అఱువదివేలు మొదలు ఎనుబదివేల వఱకు వచ్చుచుండిరి. కావున ఆఱువేలనగా పదవపాలు, ఒక్కొక్కప్పుడు అంతకును తక్కువ. ఇది ఎంతటి సంయమమో తెలియుటకు లోకమందలి వినోదస్థలములతో పోల్చి చూడవచ్చును. చీనాదేశమున షాంఘై నగరమందలి డిస్నీలాండు అను వినోదవనము 2020 జనవరి 25న మూతపడి, మే 11న తెఱుచుకొన్నది. దినమునకు ఎనుబదివేలు పట్టు ఆ తోటలోనికి మూడవపాలుకు మించరాదని అచ్చటి ప్రభుత్వము కట్టడిచేసినది. మనదేశమున సినిమాశాలలకు, వినోదవనములకు అక్టోబరు 15 వఱకు అనుమతియే రాలేదు. వచ్చినప్పుడు సినిమాశాలలకు సగము ఆసనములు. హైదరాబాదు చెంతనున్న రామోజీ ఫిల్ముసిటీ సందర్శకులకు తలుపు తీసినది 2021 ఫిబ్రవరిలో. దేవుని సన్నిధిని వినోదముతో పోల్చితినని కోపగించుకొనవలదు. అంటురోగమునకు భక్తుడును, విహారియు ఒక్కటే; అది గుంపును చూచును గాని గుంపు దేనికి కూడినదో విచారింపదు.

అంత జాగ్రత్త చేసినను తెగులు కొండ యెక్కినది. జూలై నడుమకు దేవస్థానోద్యోగులలో 140 మందికి సోకినట్లును, వారిలో 14 మంది అర్చకులే యనియు అధికారులే ప్రకటించిరి. ఆ నెలలోనే ఒక పూర్వ ప్రధానార్చకులు మరణించిరి. ఆగస్టు మొదటి పక్షము ముగియకమునుపే, దర్శనము మొదలయినది లగాయితు సోకిన యుద్యోగుల సంఖ్య 743 అయినది. దర్శన మాపవలెనని కొందఱును, భక్తులవలన సోకలేదు గనుక ఆపనక్కఱలేదని కొందఱును వాదించిరి. ఆదాయము కొఱకే తెఱచిరన్న నిందను అధికారులు ఖండించిరి. ఆ నింద సమంజసమని నాకును తోచదు. ఆఱువేలమందితో ఆ సంస్థకు ఏపాటి రాబడి? కాని ఒక్కమాట చెప్పక తప్పదు. వచ్చువాడు ఒక్కమారు వచ్చి దండము పెట్టి పోవును. అర్చకుడు, వంటశాలవాడు, క్షురకుడు, కావలివాడు దినదినము ఆ యాఱువేలమందికి ఎదురుపడవలెను. సంఖ్య కుదించినప్పుడు యాత్రికుని పక్షమున లెక్కించిరి. సేవకుని పక్షమున లెక్క వేఱుగా నుండును.

మఱియొక లెక్క నా మనస్సును మిక్కిలి బాధించినది. తిరుపతిలో వ్యాధి ముదిరినందున జూలై మూడవవారము తరువాత ఉచిత టోకెన్లు నిలిచిపోయెను. అక్టోబరు 26న మరల మూడువేల చొప్పున ఇచ్చిరి. 2021 ఏప్రిల్ 12నుండి రెండవ యుప్పెనలో మరల నిలిపిరి. ఆ సెప్టెంబరులో కొలది టోకెన్లు చిత్తూరు జిల్లావారికి ఇచ్చి, 25వ తేదీని దినమునకు ఎనిమిదివేల ఉచిత టిక్కెట్లు ఆన్‌లైనులో పెట్టిరి. టోకెన్ల కిటికీలయొద్ద గుంపు చేరును గనుక ఆపిరనుట నిజమే. ఆ కారణమును కాదనలేము. అయితే ఆ నెలలన్నిటను 300 రూపాయల దారి తెఱచియే యుండెను. ఫోను నొక్కనేర్చిన పట్టణవాసికి కొండ దగ్గఱయైనది. కొండనీడలో పుట్టి, అక్షరము వచ్చియు ఆ పలుకను తడవనేరని మా పల్లెవృద్ధునకు దూరమైనది. సంఖ్య కట్టడిచేయుట న్యాయమే. ఆ సంఖ్యలో ఎవ్వరుండవలెనన్నది వేఱు ప్రశ్న. దానిని వైద్యుడు తీర్చడు. ధర్మమెఱిగిన అధికారి తీర్పవలెను.

ఉత్సవముల మాటకు వత్తును. 2020 అధికమాసపు సంవత్సరము గాన బ్రహ్మోత్సవములు రెండు వచ్చినవి. సెప్టెంబరులో సాలకట్ల యుత్సవమును, అక్టోబరులో నవరాత్రి యుత్సవమును ఆలయప్రాకారములోనే ఏకాంతముగా జరిపిరి. గరుడవాహనము మాడవీథులకు రాలేదు. 2021 అక్టోబరులోను అంతే. మా మండలమందలి అప్పలాయగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవములు సైతము 2021 జూన్‌లో ఏకాంతముగనే నడచినవి. మేళములు విని వీధికి పరుగెత్తు అలవాటు గల మావారు మూసిన తలుపులవంక చూచుచు ఇండ్లలో కూర్చుండిరి. టెంకాయలు, పూలు అమ్మి బ్రతుకువారి సంగతి వేఱుగా చెప్పనేల?

2020 డిసెంబరు 25న వైకుంఠద్వారము మొదటిసారిగా పది దినములు తెఱచియుంచిరి. తెగులు వెనుకబట్టినను ఆ పద్ధతి నిలిచినది; టోకెన్లును నిలిచినవి. 2022 ఏప్రిల్ 12న తిరుపతిలో టోకెన్ల కొఱకు చేరిన జనము త్రొక్కులాడగా కొందఱు గాయపడిరి. నాడు టోకెన్లు లేకయే కొండకు పోనిచ్చిరి. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనపు టోకెన్లయొద్ద తిరుపతిలో త్రొక్కిసలాట జరిగి ఆర్గురు ప్రాణములు విడిచిరి. గుంపు కూడవలదని పెట్టిన చీటి తానే గుంపును కూర్చినది. వరుసను నిర్వహించుట ఒక విద్య. అంటురోగపు దినములలో ఆఱువేలమందికి ఆఱడుగుల యెడము నేర్పిన సంస్థకు ఆ విద్య తెలియదనలేము.

మా యన్నగారికి 2020లో అఱువదియెనిమిదేండ్లు, నాకు అఱువదిమూడు. నియమము ప్రకారము నేను పోవచ్చును, ఆయన పోరాదు. ఏటేట పెరటాసిలో అలిపిరి మెట్లెక్కి వచ్చు నియమము ఆయనది, నాది కాదు. "నీవైనను పోయి రారా" యని ఆయన యనగా, "నీవు లేక నేనేల?" యని నేను నిలిచిపోతిని. రెండేండ్లు ఆయన ఇంటి యరుగుమీదనే పడమటిదిక్కునకు తిరిగి, కొండవైపునకు దండము పెట్టుకొనెను. 2022 సెప్టెంబరు 27న మాడవీథులలో వాహనములు మరల కదలిన బ్రహ్మోత్సవములకు మే మిరువురము బయలుదేరితిమి. బాటమీద పసుపుగుడ్డల వారు మరల నడచుచుండిరి. మా వీథిలో మజ్జిగకుండలు మరల వెలసినవి. మెట్లు సగమెక్కునప్పటికి ఆయనకు మోకాళ్లు పట్టినవి. ఇరువురము ఒక మంటపమున కూర్చుండి, ప్రొద్దు వాలిన పిమ్మట మెల్లగా మిగిలిన మెట్లెక్కితిమి.