రూపాయి విలువ: నిర్ణయ మెవరిది, భార మెవరిది?

జీతపు రాళ్లుగా ఇంటికి వచ్చు రూపాయికి రెండు విలువలు కలవు. అంగడిలో బియ్యము, పప్పు కొనునప్పుడు తెలియునది మొదటిది. పరదేశపు నాణెముతో మార్చునప్పుడు తెలియునది రెండవది. మొదటి విలువ ఇల్లాలికి తెలిసినంతగా ఏ పండితునికిని తెలియదు. రెండవది బ్యాంకులకును, ఎగుమతి వర్తకులకును, ఆర్థిక మంత్రిత్వ శాఖకును మాత్రమే సంబంధించినదని సామాన్యులు తలంతురు. కాని గడచిన నూట ముప్పది యేండ్ల చరిత్రను పరికించినచో, ఈ రెండవ విలువ మారిన ప్రతి పర్యాయమును కొందరి యింట లాభమును, మరికొందరి యింట నష్టమును కలిగినట్లు తేటపడును. ఆ నిర్ణయము నెవరు చేసిరి, దాని భారము నెవరు మోసిరి అను రెండు ప్రశ్నలకు సమాధానమే రూపాయి చరిత్ర.

1835వ సంవత్సరపు నాణెముల చట్టము వలన బ్రిటిషు ఇండియా అంతటను ఒకే వెండి రూపాయి చెలామణిలోనికి వచ్చినది. దాని తూకము తులము. అందు పండ్రెండింట పదునొకండు వంతులు మేలిమి వెండి. ఎవరైనను వెండి తెచ్చి టంకశాలలో ఇచ్చి రూపాయలు కొట్టించుకొనవచ్చును. ఆ కాలమున రూపాయి ఇంచుమించు రెండు షిల్లింగులకు మారుచుండెను. 1871 తరువాత జర్మనీ మొదలగు దేశములు వెండిని విడిచి బంగారు నాణెమును అవలంబించుటచేతను, అమెరికాలో వెండి గనులు విరివిగా పండుటచేతను, వెండి ధర క్రమముగా పడిపోయెను. దానితోపాటు రూపాయియు జారినది. 1893 నాటికి అది రమారమి పదునైదు పెన్సులకు దిగినది.

ఇందువలన కలకత్తా ప్రభుత్వమునకు పెద్ద చిక్కు వచ్చినది. వసూలగు పన్నులు రూపాయలలో. లండనునకు పంపవలసిన 'హోం ఛార్జీలు' పౌన్లలో. ఋణములపై వడ్డీ, విశ్రాంత అధికారుల పింఛనులు, ఇండియా ఆఫీసు వ్యయము మొదలగు వాటికి ఏటా కోటిన్నర పౌన్లకు తక్కువ కాకుండ పంపవలసియుండెను. రెండు షిల్లింగుల రేటున కోటిన్నర పౌన్లకు పదునైదు కోట్ల రూపాయలు చాలును. పదునైదు పెన్సుల రేటున ఇరువది నాలుగు కోట్లు కావలెను. ఆ తొమ్మిది కోట్లును ఈ దేశపు పన్నుల నుండి రావలసినవే.

హెర్షెల్ సంఘము సిఫారసుపై 1893 జూన్ నెలలో టంకశాలలు ప్రజల వెండికి మూయబడినవి. రూపాయల కొరతను కల్పించి వాని విలువను పెంచుటయే ఇందలి ఉద్దేశము. 1898 నాటికి షిల్లింగు నాలుగు పెన్సుల రేటు చేకూరినది. ప్రభుత్వపు లెక్కలు చక్కబడినవి. కాని పల్లెటూరి రైతుకు వెండి కడియము, మొలత్రాడే బ్యాంకు. అంతకుముందు రూపాయి విలువతో సమానముగా నడచిన ఆ వెండి ఇప్పుడు వట్టి లోహమై, రూపాయి కంటె చవుకయైనది. 1896–97 కరవులో నగలమ్ముకొనిన వారికి ఆ భేదము అనుభవమునకు వచ్చినది. ఆ 1893లోనే, స్వదేశమునకు సొమ్ము పంపుకొను ఐరోపా ఉద్యోగులకు మారకపు నష్టపరిహారముగా ఒక ప్రత్యేక భత్యము మంజూరు చేయబడినది. నష్టపడిన వారిలో మొదట పరిహారము పొందినవారు అధికారులు. దాని నిచ్చినవారు పన్ను చెల్లించు ప్రజలు.

మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఈ వివాదము మరల తలయెత్తినది. డాక్టర్ అంబేడ్కర్ 1923లో ప్రకటించిన 'ది ప్రాబ్లం ఆఫ్ ది రుపీ' అను గ్రంథము ఈ విషయమును గూర్చినదే. 1926లో హిల్టన్ యంగ్ సంఘము షిల్లింగు ఆరు పెన్సుల రేటును సిఫారసు చేయగా, ఆ సంఘ సభ్యులైన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ షిల్లింగు నాలుగు పెన్సులే ఉండవలెనని భిన్నాభిప్రాయమును వ్రాసిరి. 1927లో చట్టము హెచ్చు రేటునే స్థిరపరచినది. రెండు పెన్సుల కొరకు ఇంత వాదమేల అను సందేహము కలుగవచ్చును. లండనులో ఒక పౌను పలుకు సరకునకు మొదటి రేటున పదునైదు రూపాయలు వచ్చును. రెండవ రేటున పదమూడు రూపాయల అయిదణాల నాలుగు పైలు మాత్రమే వచ్చును. సరకు ధర తగ్గినను, భూమి శిస్తు మాత్రము రూపాయలలో కదలక యుండెను.

1929 తరువాత ప్రపంచ మాంద్యము సంభవించి పంటల ధరలు కూలగా ఆ బాధ ఇనుమడించినది. కృష్ణా గోదావరి మండలములలో వరి రైతు ధాన్యమమ్మి శిస్తు కట్టలేని స్థితికి వచ్చెను. 1931 సెప్టెంబరులో బ్రిటను బంగారు ప్రమాణమును విడిచినది; రూపాయి పౌనుకే కట్టబడినది. బంగారము ధర పెరుగగా, అప్పులపాలైన కుటుంబములు పుస్తెలకు తప్ప తక్కిన నగలకు తిలోదకము లిచ్చినవి. వందల కోట్ల రూపాయల విలువగల బంగారము ఓడలకెక్కి దేశము దాటినది. ఈ నిర్ణయములలో దేనియందును భారత ప్రజల సమ్మతి లేదు.

స్వాతంత్ర్యానంతరము నిర్ణయము మన చేతికి వచ్చినది. 1949 సెప్టెంబరులో పౌనుతోపాటు రూపాయి విలువను తగ్గించుకొనగా డాలరునకు నాలుగు రూపాయల డెబ్బదియారు పైసల రేటు ఏర్పడినది. 1965 యుద్ధము, అనావృష్టి, విదేశ సహాయపు నిలుపుదల అను మూడు విపత్తుల నడుమ, 1966 జూన్ 6వ తేదీన ఇందిరాగాంధీ ప్రభుత్వము డాలరు రేటును ఏడున్నర రూపాయలకు మార్చినది. రూపాయి విలువ నూటికి ముప్పదియారున్నర వంతులు తగ్గినది. ఎగుమతులు పెరుగుననియు, సహాయము ధారాళముగా వచ్చుననియు ఆశించిరి. కాని వర్షములు మరల మోసము చేసినవి. ఆశించిన సహాయము అందలేదు. ధరలు మాత్రము పెరిగినవి. పాలక పక్షములోని పెద్దలే దీనిని విమర్శించిరి. నాటి నుండి చాలకాలము 'విలువ తగ్గింపు' అను మాట నుచ్చరించుటకే రాజకీయ నాయకులు జంకిరి.

ఆ జంకునకు 1991లో పరీక్ష వచ్చినది. గల్ఫు యుద్ధము వలన చమురు వ్యయము పెరిగినది. స్వల్పకాలిక ఋణములు మీద పడినవి. రెండు మూడు వారముల దిగుమతులకు మాత్రమే చాలు విదేశ ద్రవ్యము మిగిలినది. జూన్ 21వ తేదీన తెలుగువారైన పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి పదవిని స్వీకరించిరి. డాక్టర్ మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. జూలై 1, 3 తేదీలలో రెండు మెట్లుగా రూపాయి విలువ తగ్గింపబడి, డాలరు ఇరువదియొక్క రూపాయల నుండి ఇంచుమించు ఇరువదియారు రూపాయలకు చేరినది. ఆ జూలైలోనే రిజర్వు బ్యాంకు దాదాపు నలువదియేడు టన్నుల బంగారమును కుదువబెట్టి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపానుల నుండి సుమారు నలుబది కోట్ల డాలర్లు తెచ్చినది. ఇంటి బంగారము తాకట్టునకు పోవుట ఎట్టి అవమానమో తెలుగు కుటుంబములకు వేరుగ చెప్పనక్కరలేదు. అయినను బాకీ ఎగవేసిన దేశమన్న అపకీర్తి రాలేదు. ఆ ఋణము కొద్ది నెలలలోనే తీరినది. 1993 నుండి రూపాయి రేటు విపణికి విడువబడినది.

అటుపై వచ్చిన మార్పు సామాన్యమైనది కాదు. 2009లో రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుండి 200 టన్నుల బంగారమును కొనినది. 2021లో విదేశ మారకపు నిలువలు అరువది వేల కోట్ల డాలర్లను దాటినవి. ఇంగ్లండులో నిలువయుండిన బంగారములో 100 టన్నులు 2023–24లో స్వదేశమునకు తేబడినవి. విదేశములలో శ్రమించు భారతీయులు 2022లో ఇంటికి పంపిన సొమ్ము పదివేల కోట్ల డాలర్లకు మించినది. అందు గల్ఫు ఎడారులలో చెమటోడ్చు కరీంనగరు కూలీల కష్టార్జితమును, అమెరికాలోని తెలుగు ఇంజనీర్ల సంపాదనయును కలవు.

అయినను మొదటి ప్రశ్న తీరలేదు. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీలు పెంచగా పెట్టుబడులు అటు మరలినవి. చమురు ధర హెచ్చినది. డాలరు ఎనుబది రూపాయలను దాటినది. పూర్వము లండనులోని సంఘములు చేసిన పనిని ఇప్పుడు పలు దేశముల విపణులు కలిసి చేయుచున్నవి. గల్ఫులోని కూలి ఇంటికి నాలుగు రూపాయలు హెచ్చుగా వచ్చుటయు, విదేశ విద్యకై కుమారుని పంపిన తండ్రికి అప్పు పెరుగుటయు ఒకే కారణమున కలుగు ఫలములు.

1893లో అధికారులకే పరిమితమైన పరిహారము నేడు కరువు భత్యమను పేర, వేరు రూపమున, జవాను మొదలు కార్యదర్శి వరకు కేంద్ర ఉద్యోగులందరికిని ధరల సూచిక ననుసరించి లభించుచున్నది. ఇది న్యాయమైన అభివృద్ధి. కాని దిగుమతి చమురుతోపాటు నూనె, బస్సు ఛార్జీ, ఎరువు ధరలు పెరిగినప్పుడు పొలములో నాటు వేయు కూలికి ఏ సూచికయు తోడు రాదు. కడియమమ్ముకొనిన నాటి రైతుకును, నేటి కూలికిని మధ్య శతాబ్దమునకు మించిన దూరమున్నను, లెక్క ఒక్కటే. రూపాయి విలువను గూర్చి నిర్ణయించు హక్కు మనకు లభించినది. భారమును న్యాయముగ పంచవలసిన బాధ్యతయు దానితోనే లభించినది. కార్యాలయములలో అంకెలు వ్రాయువారు ఆ రెండవ దానిని మరువకుండుట రూపాయి చరిత్ర నేర్పు పాఠము.