ఉక్కు ఊరు, ఆరోగ్యం ఊసు

1902 నాటికి టాటాల ఉక్కు కర్మాగారం ఎక్కడ కట్టాలో కూడా తేలలేదు. అప్పుడే జంషెట్‌జీ టాటా తన కొడుకు దొరాబ్జీకి విదేశం నుంచి ఒక ఉత్తరం రాశారు. కట్టబోయే ఊళ్లో వీధులు వెడల్పుగా ఉండాలని, వాటి వెంట నీడనిచ్చే చెట్లు నాటాలని, అందులో ఒకటి విడిచి ఒకటి తొందరగా ఎదిగే రకం కావాలని చెప్పారు. తోటలకూ ఫుట్‌బాల్, హాకీ మైదానాలకూ గుడికీ మసీదుకూ చర్చికీ చోటు వదలమన్నారు. ఆ ఒకటి విడిచి ఒకటి అన్న జాగ్రత్త చూడండి. నిదానంగా పెరిగే చెట్టు గొడుగు పట్టేదాకా కూలివాడు ఎండలో మాడకూడదన్న లెక్క అది. రాసిన మనిషి 1904లోనే కన్నుమూశారు, ఊరిని చూడలేదు.

ఆ ఏడాదే భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ కొండల్లో ఇనుప ఖనిజం ఉందని కబురు పంపారు. 1907లో కంపెనీ పుట్టింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి అనే పల్లెను ఎంచుకున్నారు. అదే తరువాత జంషెడ్‌పూర్ అయింది. చుట్టూ అడవి, ఆదివాసుల పల్లెలు. ఆ నేల మీద తరతరాలుగా బతికినవాళ్లు ఏం కోల్పోయారన్నది ఊరి సంబరాల పుస్తకాల్లో తక్కువగా కనబడుతుంది. 1908లో చిన్న దవాఖానా మొదలైంది. ఇప్పటి టాటా మెయిన్ హాస్పిటల్‌కు మూలం అదే. ఉక్కు మాత్రం 1912 దాకా రాలేదు. అంటే ఈ ఊళ్లో ఉక్కుకన్నా మందు నాలుగేళ్లు ముందు.

1912లోనే ఎనిమిది గంటల పని వచ్చింది. కొలిమి ఆరకూడదు, రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. రెండు జట్లతో నడిపితే ఒక్కొక్కరికీ పన్నెండు గంటలు, మూడు జట్లయితే ఎనిమిది. వేడి ముందు నిలబడేవాడికి ఆ నాలుగు గంటల తేడా ఏమిటో వేరే చెప్పాలా? అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇదే మాటను తన మొదటి ఒడంబడికగా చేసుకున్నది 1919లో.

ఊరి నక్షా పిట్స్‌బర్గ్ ఇంజనీరు జూలియన్ కెనెడీది. 1919–20 ప్రాంతంలో దాన్ని తిరగరాసింది ఎఫ్.సి. టెంపుల్. ఈయన వృత్తిరీత్యా పారిశుద్ధ్య ఇంజనీరు. ఊరి పటం గీయడానికి మురుగునీటి మనిషిని పిలవడం నాకు మహా నచ్చిన సంగతి. నేల వాలు చూసి, నీరు ఎటు పారుతుందో చూసి, ఆ తరువాతే రోడ్లు గీశాడాయన. కార్మికుల సంక్షేమం ఎలా ఉండాలో చెప్పమని కంపెనీ లండన్‌లోని సిడ్నీ, బియాట్రిస్ వెబ్ దంపతులను కూడా అడిగింది.

1915లో ఉచిత వైద్యం, 1920లో జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్, ప్రమాద పరిహారం, 1928లో ప్రసూతి భత్యం. కంపెనీ చరిత్రలు ఈ జాబితాను గర్వంగా చెబుతాయి, చెప్పుకోదగ్గదే. కానీ ఆ తేదీల పక్కన ఇంకో జాబితా పెట్టి చదవాలి. 1920లో ఇక్కడ పెద్ద సమ్మె జరిగింది, కాల్పుల్లో కార్మికులు చనిపోయారు. యూనియన్ పుట్టిందీ ఆ ఏడాదే. 1928లో నెలల తరబడి సమ్మె, లాకౌటు. సుభాష్ చంద్రబోస్ వచ్చి రాజీ కుదిర్చారు. ప్రతి సౌకర్యమూ సమ్మె వల్లే వచ్చిందనను. ఎనిమిది గంటల పని వచ్చేనాటికి యూనియనే లేదు. అయినా దాత మనసు ఒక్కటే ఇదంతా చేసిందంటే నేను నమ్మను.

ఇంతకీ ఆరోగ్యం అంటే ఏమిటి? శరీరం, మనసు, సంఘ జీవనం మూడూ బాగుంటేనే ఆరోగ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం చెప్పింది 1946లో. 1986 నవంబరులో కెనడాలోని ఒటావాలో వెలువడిన పత్రం ఇంకో అడుగు వేసి, ఆరోగ్యానికి ముందు కావలసినవేమిటో పేర్కొంది: శాంతి, గూడు, చదువు, తిండి, ఆదాయం, నిలకడైన ప్రకృతి, తరిగిపోని వనరులు, న్యాయం, సమానత్వం. ఇందులో గూడూ ఆదాయమూ జంషెడ్‌పూర్ క్వార్టర్లలో అప్పటికే అలవాటైన విషయాలు. న్యాయం, సమానత్వం దగ్గరే తూకం తప్పింది. మొదటి నక్షాలోనే దొరల బంగళాలు ఉత్తరాన విడిగా ఉన్నాయి. కంపెనీ హద్దు దాటితే జుగ్‌సలాయి, నది దాటితే మాంగో. అక్కడి కుటుంబాలకు కొలాయీ మురుగుకాలువా అదే లెక్కలో రాలేదు. పర్మనెంటు కార్డున్నవాడి ఆరోగ్యం వేరు, కాంట్రాక్టు కూలీ ఆరోగ్యం వేరు అన్న గీత ఈ ఊళ్లో పాతదే.

ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వెళ్లిన మనవాళ్లు ఆ గీతకు రెండు వైపులా ఉన్నారు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు, కద్మాలో, సోనారీలో తరాలు గడిపారు. వాళ్ల ఇళ్లలో ఆసుపత్రి చీటీలు, క్వార్టరు కాగితాలు, యూనియన్ రసీదులు ఏ ట్రంకుపెట్టెలోనో ఉండే ఉంటాయి. మీ తాతో పెదనాన్నో టాటాలో చేసి ఉంటే వాటిని పాతకాగితాల వాడికి అమ్మకండి. కంపెనీ చరిత్ర కంపెనీ రాసుకుంది. ఈ ఇళ్ల చరిత్ర రాయవలసింది మనమే.