విద్యార్థి విజ్ఞాన ప్రాజెక్టు ప్రణాళిక

విద్యార్థి విజ్ఞాన ప్రాజెక్టు అనగా ఒక విద్యార్థి లేదా చిన్న విద్యార్థి బృందము తాము ఎంచుకున్న ప్రశ్నకు పరిశీలన, కొలత, ప్రయోగముల ద్వారా సమాధానము వెదకే పని. పాఠశాల ప్రదర్శనలలో కనిపించే నమూనాలలో అనేకము ఈ నిర్వచనమునకు లోబడవు. వంటసోడా, వెనిగరులతో పొంగే అగ్నిపర్వతము చూచుటకు ముచ్చటగానే ఉండును గాని, ఫలితము ముందే తెలిసినది కనుక అందులో పరీక్షింపవలసినది ఏమియు లేదు. 1993లో దేశవ్యాప్తముగా ప్రారంభమైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుండి 17 సంవత్సరముల వయసు గలవారిని తమ పరిసరములలోని సమస్యలనే శాస్త్రీయ పద్ధతిలో పరిశీలించుటకు ప్రోత్సహించుచున్నది. ఈ వ్యాసములో హైదరాబాదులోని ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములను ఉదాహరణగా తీసుకొనడమైనది.

శాస్త్రీయ పద్ధతి - రోనాల్డ్ రాస్ ఉదాహరణ

ప్రశ్న, పరికల్పన, పరీక్ష, ఫలితము అను వరుస పాఠ్యపుస్తకములలో సాఫీగా కనిపించును. ఆచరణలో అది అంత సాఫీగా సాగదని చెప్పుటకు హైదరాబాదులోనే మంచి నిదర్శనము ఉన్నది. నాంపల్లి నుండి లింగంపల్లి వెళ్ళే ఎం.ఎం.టి.ఎస్. రైలు మార్గములో బేగంపేట ఉన్నది. అప్పటి సికింద్రాబాదు కంటోన్మెంటుకు చెందిన ఈ ప్రాంతములో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియాపై పరిశోధన చేసెను. మలేరియాకు దోమలతో సంబంధమున్నదని పాట్రిక్ మాన్సన్ 1894లో ప్రతిపాదించిన పరికల్పనను రాస్ 1895 నుండి పరీక్షించెను. రోగులను కుట్టిన దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూడగా చాలాకాలము ఏమియు కనబడలేదు. ఆయన పరికల్పనను విడువలేదు. దోమ రకమును మార్చెను. హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన, రెక్కలపై మచ్చలు గల దోమ జీర్ణాశయపు గోడలో 1897 ఆగస్టు 20న మలేరియా వర్ణకము గల కణములు కనిపించెను. మరునాడు అదే రకపు మరొక దోమలో అవి మరింత పెద్దవిగా కనబడుటచే, అవి పెరుగుచున్నవని తేలినది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది.

రాస్ ఒక్కొక్క దోమకాటుకు ఒక అణా చొప్పున ఆ రోగికి చెల్లించినట్లు ప్రసిద్ధి. నేడు విద్యార్థి ప్రాజెక్టులలో మనుషులపై ఇటువంటి ప్రయోగము ఊహకు కూడా అందనిది.

ప్రశ్న ఎంపిక

"ఆబిడ్స్‌లో వేడి" అనునది ఒక అంశమే గాని ప్రశ్న కాదు. "మధ్యాహ్నము 2 గంటలకు పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల కింద గాలి ఉష్ణోగ్రత, అదే సమయమున ఆబిడ్స్ రోడ్డు ప్రక్కన భవనపు నీడలోని ఉష్ణోగ్రత కంటె తక్కువగా ఉండునా? ఎన్ని డిగ్రీలు?" అనునది కొలువదగిన ప్రశ్న. ఆకుల నుండి నీరు ఆవిరియగునపుడు ఉష్ణమును గ్రహించును; తారు, కాంక్రీటు ఎండను పీల్చి ఉష్ణమును నిలువ ఉంచుకొనును. కనుక తోటలో ఉష్ణోగ్రత తక్కువగా ఉండునని పరికల్పన చేయవచ్చును. ఈ కారణము వ్రాయని పరికల్పన వట్టి జోస్యమే.

కొలతలు

విద్యార్థుల ప్రాజెక్టులు ఎక్కువగా దెబ్బతినునది ఇక్కడనే. థర్మామీటరు బల్బుపై నేరుగా ఎండ పడినచో అది గాలి ఉష్ణోగ్రతను చూపదు. తాను వేడెక్కి ఎక్కువ చూపును. అందుచే రెండు చోట్లను నీడలోనే, నేల నుండి ఒకే ఎత్తున, సుమారు ఒకటిన్నర మీటర్ల వద్ద కొలువవలెను. గోడకు ఆనించరాదు.

ఒకే థర్మామీటరుతో నాంపల్లి నుండి ఆబిడ్స్‌కు నడచి వెళ్ళినచో ఆ లోపున వాతావరణమే మారవచ్చును. ఇద్దరు విద్యార్థులు రెండు థర్మామీటర్లతో ఒకే నిమిషమున చదువుట మేలు. అయితే రెండు పరికరములు ఒకేలా చూపునన్న హామీ లేదు. ముందుగా రెండింటిని కరగుచున్న మంచుముక్కలు గల నీటిలో ఉంచి 0 డిగ్రీలు చూపుచున్నవో లేదో సరిచూడవలెను. రోజు విడిచి రోజు వాటి స్థానములను మార్చవలెను. పరికరముపై ఒక్కొక్క డిగ్రీకి మాత్రమే గీతలున్నచో, అర డిగ్రీ తేడాను కనుగొంటిమని చెప్పుట తగదు.

ఒక్కరోజు కొలత చాలదు. కనీసము పది రోజులైనా తీసుకొని, ప్రతిరోజు మబ్బు, గాలి వివరములను కూడ నమోదు చేయవలెను. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లిలోని ప్రస్తుత మైదానమునకు మారిన నుమాయిష్ సాధారణముగా జనవరి 1 నుండి ఫిబ్రవరి 15 వరకు జరుగును. ఆ రోజులలో ఇక్కడి జనసమ్మర్దము, వాహనముల రాకపోకలు మారిపోవును. శబ్దమును కొలిచే ప్రాజెక్టుకు ఇది ఆటంకము కావచ్చును. ప్రదర్శన ముందు, తరువాత శబ్దములను పోల్చదలచిన వారికి ఇదే మంచి ప్రశ్న.

నమోదు, నివేదిక

కొలతలను అక్కడికక్కడే పుస్తకములో వ్రాయవలెను. విడి కాగితముపై వ్రాసి ఇంటి వద్ద ఎత్తి వ్రాయునపుడు "సరికాని" అంకెలు మాయమగుచుండును. ఊహకు విరుద్ధముగా వచ్చిన అంకెను కొట్టివేయక, ఆనాడు ఏమి జరిగినదో దాని ప్రక్కనే వ్రాయవలెను. తోటకు, రోడ్డుకు తేడా లేదని తేలినను అది ఫలితమే. నివేదికలో పట్టిక, రేఖాచిత్రములతో పాటు కొలతలు తప్పిన రోజులను కూడ చూపవలెను.

స్థానిక వనరులు

ఆదివారములందు ఆబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకములు చవకగా లభించును. నౌబత్ పహాడ్‌పై బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాల, పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ కలవు. 1891లో అసఫియా గ్రంథాలయముగా స్థాపించబడిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము అఫ్జల్‌గంజ్‌లో ఉన్నది.