ఉస్మానియా ప్రాంగణమున మాటయు పాటయు

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, మేడ్చల్ ప్రాంతమున దుండిగల్ కలదు. 1967వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని నాటి రాష్ట్రపతి డాక్టరు జాకీర్ హుస్సేను గారు అచ్చట వాయుసేనా విద్యాలయమునకు శంకుస్థాపన గావించిరి. నేడు దాని పరిసరముల ఇంజనీరింగు కళాశాలలు పెక్కు వెలసినవి. కొంత తూర్పుగా, శామీర్‌పేట యందు, 1998లో నెలకొన్న నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము కలదు. ఒకచోట యుద్ధవిద్య, వేరొకచోట వాదవిద్య. నడుమ దూరము స్వల్పము.

ఆ శిలను నాటిన చేతులు ఎవరివో స్మరింపదగియున్నది. జాకీర్ హుస్సేను గారు 1897లో హైదరాబాదుననే జన్మించిరి. ఇరువది సంవత్సరములకు పైగా ఢిల్లీలో జామియా మిల్లియాను నడపి, పిదప అలీగఢ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. 1946 నవంబరులో, దేశము మతకలహములతో రగులుచున్నపుడు, జామియా రజతోత్సవము జరిగెను. నెహ్రూ, ఆజాదు గార్లను, జిన్నా, లియాఖతు అలీఖాను గార్లను వారు ఒకే వేదికపైకి రప్పించి, ఈ ద్వేషాగ్నిని చల్లార్పుడని అందరి యెదుట వేడుకొనిరి. ఆ వేడికోలు ఫలింపలేదని చరిత్ర యెరుగును. అయినను పరస్పరము మాటలాడుట మానిన పక్షములను ఒకచోట కూర్చుండబెట్టగల తావు విద్యాలయ ప్రాంగణమేయని ఆనాడు రుజువయ్యెను. 'శాంతి సంస్కృతి' యను మాట 1999 సెప్టెంబరు 13 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటనతో ప్రసిద్ధికెక్కినది. మాట క్రొత్తదే గాని విషయము ప్రాతది.

అట్టి పురుషుడు పుట్టిన నగరమున వెలసిన విశ్వవిద్యాలయము తనలోని వివాదములను ఎట్లు ఎదుర్కొనెనో విచారించుట ఈ వ్యాసమునకు విషయము. సంవాదమునకు కావలసిన నేర్పు ఉస్మానియాకు పుట్టుకతోనే యుండెననియు, అది అవసర సమయమున వినియోగపడలేదనియు మా యభిప్రాయము.

ఉస్మానియా స్థాపనకు 1917లో ఫర్మానా వెలువడెను. 1919లో తరగతులు ప్రారంభమయ్యెను. ఉన్నతవిద్యను ఉర్దూలో బోధింప సంకల్పించుటచే గ్రంథములు కావలసివచ్చెను. అందులకై నెలకొల్పబడినదే అనువాదశాల, 'దారుల్ తర్జుమా'. గణిత భౌతిక వైద్యాది శాస్త్రముల పారిభాషిక పదములను నిర్ణయించుటకు విషయజ్ఞులును భాషాజ్ఞులును కలిసి కూర్చుండెడివారు. అరబ్బీ పారసీకముల నుండి కల్పింపవలెనా, ఇంగ్లీషు మాటనే యుంచవలెనా, దేశ్యపదము చాలునా యని వాదించెడివారు. వహీదుద్దీను సలీము గారు పరిభాషా నిర్మాణమును గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమే వ్రాసిరి. ఒక్క మాటకై ఇంత ఓర్పుతో తర్కించిన సంస్థ ఆ కాలమున దేశమున అరుదు.

కాని ఆ సభలో స్థానము లేనివారు కలరు. నైజాము రాజ్యప్రజలలో అధికసంఖ్యాకులు తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడువారు. తెలుగు పాఠ్యవిషయముగా నుండెను. రాయప్రోలు సుబ్బారావు గారి వంటి కవి ఆ శాఖకు ఆచార్యులైరి. అయినను బోధనభాష అది కాదు. విశ్వవిద్యాలయము వెలుపలి స్థితి ఎట్లుండెనో ఒక్క ఉదాహరణము చాలును. 1921 నవంబరులో వివేకవర్ధినీ మందిరమున, మహర్షి కర్వే గారి అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున ప్రసంగింప లేవగా సభికులు గేలిసేసి ఆటంకపరచిరి. ఆ పరాభవము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. సంస్కారమును గోరి కూడిన విద్యావంతుల సభయే ఇట్లు చేసినదని మరువరాదు.

ఇక 1938. ఆ యేడు ఏప్రిలులో నగరమున మతకలహములు జరిగెను. సెప్టెంబరులో ప్రభుత్వము స్టేటు కాంగ్రెసును నిషేధించెను. అక్టోబరు నుండి ఆ కాంగ్రెసువారును, ఆర్యసమాజమువారును వేరువేరుగా సత్యాగ్రహములు సాగించుచుండిరి. ఇట్టి తరుణమున నవంబరులో ఉస్మానియా వసతిగృహములలోని హిందూ విద్యార్థులు ప్రార్థనవేళ వందేమాతరము పాడసాగిరి. అధికారులు దానిని నిషేధించిరి. ఇది రాజకీయ గీతమనియు, ఇతరుల మనస్సులను నొప్పించుననియు వారి వాదము. ఇది మా ప్రార్థనలోని భాగమనియు, ప్రార్థనను నిర్ణయించు హక్కు మాదేయనియు విద్యార్థుల వాదము. విద్యార్థులు సమ్మెకు దిగిరి. ఔరంగాబాదు, వరంగల్లు మున్నగు తావుల కళాశాలలలోను అలజడి చెలరేగెను. వందలకొలది విద్యార్థులు వసతిగృహముల నుండియు, విద్యాలయముల నుండియు తొలగింపబడిరి.

ఈ రెండు వాదములలో ఏదియు కేవలము నిరాధారము కాదని మేము తలచుచున్నాము. బంకించంద్రుని 'ఆనందమఠము'నందలి కథాసందర్భమును బట్టియు, ఉత్తరచరణములలోని దేవీస్తుతిని బట్టియు ఆ గీతముపై ముసల్మానులకు అభ్యంతరము కలదన్నది నిజము. విద్యార్థుల పాటవెనుక కేవలము భక్తియే కాక స్వాతంత్ర్యకాంక్షయు, చిరకాలముగా అణగియున్న అసంతృప్తియు కలవన్నది అంతకంటె నిజము. అయితే ఈ చిక్కు హైదరాబాదునకు క్రొత్తగా వచ్చినది కాదు. సరిగా ఒక సంవత్సరము ముందు, 1937 అక్టోబరు నెలాఖరున కలకత్తాలో సమావేశమైన కాంగ్రెసు కార్యనిర్వాహకవర్గము ఈ విషయమునే చర్చించెను. రవీంద్రనాథ ఠాకూరు గారి సలహా తీసికొనబడెను. మొదటి రెండు చరణములు మాత్రము పాడవలెననియు, వానికి మారుగా అభ్యంతరము లేని వేరొక గీతమును పాడుటకును స్వేచ్ఛ కలదనియు తీర్మానింపబడెను. ఆ తీర్మానము ఉభయులకును పూర్తిగా రుచించినది కాదు. ఐనను అది సంభాషణము వలన కలిగినది. దానిని ముందుంచుకొని ప్రాంగణమున ఒక సభ జరిపియుండవచ్చును. ఒక మాటకు అర్థము నిర్ణయించుటకు దినములకొలది కూర్చుండిన సంస్థ ఒక పాటకై అట్లు కూర్చుండక ఆజ్ఞాపత్రముతో సరిపెట్టెను. వీధులలో సత్యాగ్రహము నడచుచుండుటచే అధికారులకు ప్రతి ప్రార్థనలోను కుట్రయే కనబడెను. విద్యార్థులకు ప్రతి యుత్తరువులోను మతద్వేషమే కనబడెను. ఈ రెంటినడుమ నిలిచి ఉభయులతో మాటలాడు పెద్ద యెవ్వరును ప్రాంగణమున బలము గొనలేదు.

వెడలింపబడినవారు పెక్కు విశ్వవిద్యాలయముల తలుపులు తట్టిరి. తుదకు నాగపుర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు టి. జె. కేదార్ గారు వారిని చేర్చుకొనుటకు సమ్మతించిరి. ఉపాధ్యక్షుడొకడు బహిష్కృతుల మాట వినుటకు అంగీకరించుట సామాన్యముగా చరిత్ర గ్రంథముల కెక్కదు. ఇచ్చట అది కొన్ని వందల జీవితములను నిలిపెను. వరంగల్లు నుండి అట్లు నాగపురము చేరినవారిలో పాములపర్తి వేంకట నరసింహారావు గారొకరు; 1991లో వారు భారత ప్రధానులైరి. సత్యాగ్రహమున చెరసాల పాలై, దెబ్బలు తినుచును ఆ నినాదమును విడువని రామచంద్రరావు గారికి 'వందేమాతరం' అనునది ఇంటిపేరే యైనది. నోరు మూయించుటకు చేసిన ప్రయత్నము ఒక తరమును నాయకులుగా తీర్చెనన్నమాట!

సంవత్సరము తిరిగివచ్చునప్పటికి, 1939 డిసెంబరు 4న, ఉస్మానియా ఆర్ట్సు కళాశాల భవనమును నిజాము ప్రారంభించిరి. దాని నిర్మాణమునకు ముందు జైన్ యార్ జంగు, సయ్యదు అలీ రజా గార్లు దేశదేశముల విద్యాలయములను చూచివచ్చిరి. బెల్జియము దేశీయుడగు జాస్పరు రూపకల్పన చేసెను. అజంతా ఎల్లోరాల స్తంభశిల్పమును ఇస్లామీయ తోరణములును అందు ఒండొంటిని కలిసికొన్నవి. రాళ్ల విషయమున అంత ఔదార్యము సాధ్యమైనది. ఆ మెట్లెక్కవలసిన యువకులలో కొందరు మాత్రము అప్పటికి నాగపురమున నుండిరి.

1948 సెప్టెంబరు తరువాత బోధనభాష ఇంగ్లీషయ్యెను. ప్రభుత్వము మారెను గాని అలవాటు వెంటనే మారలేదు. 1950 జనవరి 24న రాజ్యాంగసభలో వందేమాతరమునకు జనగణమనతో సమాన గౌరవము ప్రకటింపబడెను. రెండేండ్లకే ముల్కీ సమస్యపై వేరొక వివాదము చెలరేగెను. 1952 సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కళాశాల సమీపమున పోలీసులు కాల్పులు జరుపగా కొందరు ప్రాణములు గోల్పోయిరి. పిదప విచారణ జరిగెను. సాక్షులను పిలిచి ఉభయపక్షముల మాటలు విన్నవారు నాటి హైదరాబాదు ఉన్నత న్యాయస్థాన న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డి గారు. 1969 నాటి అహమ్మదాబాదు మతకలహములపై విచారణ జరిపినవారును వారే. సుప్రీముకోర్టు నుండి విరమించిన పిమ్మట, 1975లో, వారు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షపీఠము నధిష్ఠించిరి.