అబ్రాహాము (ఇబ్రాహీం ప్రవక్త)

అబ్రాహాము యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలు మూడింటికీ మూలపురుషుడు. తెలుగు బైబిలులో ఇతని పేరు అబ్రాహాము. ముస్లింలు ఇతనిని ఇబ్రాహీం అలైహిస్సలాం అని గౌరవంగా స్మరిస్తారు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాలలో ముస్లింలు, క్రైస్తవులు ఇరుగుపొరుగుగా నివసిస్తున్నారు. ఇతని కథను ఇరువురూ వేరువేరుగా చెప్పుకొనుటచేత, ఏది సరియైనదన్న సందేహము కలుగుట సహజము.

బైబిలు కథనము

ఆదికాండము ప్రకారము ఇతని తొలి పేరు అబ్రాము, తండ్రి తెరహు. దేవుని పిలుపుపై 75వ ఏట హారాను విడిచి కనాను దేశమునకు వెళ్ళెను. 86వ ఏట హాగరు వలన ఇష్మాయేలు, 100వ ఏట శారా వలన ఇస్సాకు జన్మించిరి. 22వ అధ్యాయములో దేవుడు ఇస్సాకును మోరీయా దేశమున బలి ఇమ్మని ఆజ్ఞాపించి, చివరి క్షణమున వారించును. కుమారునికి బదులు పొట్టేలు బలి అగును.

ఖురాన్ కథనము

ఖురాన్ 37వ సూరాలో (అస్సాఫ్ఫాత్) ఇబ్రాహీం తన కలను కుమారునికి తెలిపి, అతని అభిప్రాయము అడుగును. కుమారుడు సమ్మతించును. ఇక్కడ పరీక్ష తండ్రీకొడుకులు ఇరువురిదీ. బక్రీదు పండుగనాటి ఖుర్బానీ ఈ త్యాగమునకు స్మారకము.

కుమారుడెవరు?

ఆ కుమారుని పేరును ఖురాన్ చెప్పలేదు. తొలికాలపు వ్యాఖ్యాతలలో భిన్నాభిప్రాయములు ఉండెను. తబరీ (మరణం 923) ఇస్సాకు (ఇస్‌హాఖ్) అని భావించగా, ఇబ్న్ కసీర్ (మరణం 1373) ఇష్మాయేలు (ఇస్మాయీల్) అని నిర్ణయించెను. నేడు ముస్లింలలో రెండవ అభిప్రాయమే ప్రబలముగా ఉన్నది. బలి వృత్తాంతము ముగిసిన తరువాతనే (37:112) ఇస్‌హాఖ్ జనన శుభవార్త వచ్చుట వారి ఆధారములలో ఒకటి. ఆదికాండము బలికి కోరిన కుమారుని ఏకైక కుమారుడనుట మరొకటి. పెద్దవాడైన ఇస్మాయీల్ మాత్రమే కొంతకాలము ఏకైక కుమారుడని వారి వాదము. ఇష్మాయేలు అప్పటికే పంపివేయబడెననీ, వాగ్దాన పుత్రుడు ఇస్సాకు ఒక్కడేననీ యూదు, క్రైస్తవుల సమాధానము.

భావార్థము

యూదులు ఈ ఘట్టమును 'అకేదా' (బంధనము) అని పిలిచి, నూతన సంవత్సర పర్వమున పఠిస్తారు. క్రైస్తవులలో పౌలు అబ్రాహామును విశ్వాసమునకు ఆదర్శముగా చూపగా, యాకోబు పత్రిక ఆ విశ్వాసము క్రియలచేత పరిపూర్ణమైనదని చెప్పును. ఖురాన్ (3:67) ఇతడు యూదుడు గాని క్రైస్తవుడు గాని కాడనీ, ఏకదైవమునకు విధేయుడనీ పేర్కొనును. దేవుని స్నేహితుడు అను బిరుదు మూడు మతములలోను ఉన్నది.

ప్రాంతీయ నేపథ్యము

ఆదోనిలోని జామియా మసీదును 17వ శతాబ్దములో బీజాపూరు సుల్తానుల తరఫున పాలించిన సిద్ది మసూద్ ఖాన్ నిర్మించెను. ఆదోని తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండెను. బళ్ళారిలో లండన్ మిషనరీ సొసైటీ 1810లోనే పని ప్రారంభించినది. తరువాత అనంతపురంలో అధ్యాపకుడైన చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను అనువదించుటతో, రెండు గ్రంథములను తెలుగులోనే పోల్చి చూచుట సాధ్యమైనది. తెలుగు మాట్లాడే యూదుల సమాజము మాత్రము గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున ఉన్నది. వీరు తమను అబ్రాహాము మునిమనుమని కుమారుడైన ఎఫ్రాయిము సంతతిగా చెప్పుకొంటారు.

మరణము

ఆదికాండము ప్రకారము అబ్రాహాము 175 సంవత్సరములు జీవించెను. ఇస్సాకు, ఇష్మాయేలు ఇరువురూ కలిసి తండ్రిని మక్పేలా గుహలో సమాధి చేసిరి.